పేరు పెట్టి పిలిచే బావి

లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు పోతుంటే మోతెకుంట అనే ఊరు వస్తుంది. ఊరి బయట, మక్క చేన్ల నడుమ, ఒక మెట్ల బావి ఉంది. దానికి మంచి పేరు లేదు.

పొద్దుగూకినంక దాని పక్కన నడిస్తే లోపలి నుంచి ఆడమనిషి గొంతు పిలుస్తుందట. ఓ అనో, అయ్యా అనో కాదు — పేరు పెట్టి. పలికితే ఇక అంతే... మెట్లు దిగడమే ఉంటుంది, ఎక్కడం ఉండదు. పలకకుండా, వెనక్కి చూడకుండా పోయినవాళ్లు బతుకుతారు.

ఎవరామె అంటే తలా ఒక మాట. బావి తవ్వినప్పుడు నీళ్లు పడలేదని గోడలో పెట్టి కట్టిన బాలింత అని కొందరు. మోట తాడు తెగి పడిపోయిన కోడలు అని కొందరు. లోపల రాతి వసారాలో గుడ్డి దీపం కనబడుతుందనీ, రాయి మీద ఇనుము గీసినట్టు కిర్రు... కిర్రు... అని చప్పుడు వస్తుందనీ మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

నేను దెయ్యాలను నమ్మను. ఆఫీసులను కొంచెం నమ్మేదాన్ని. ఇప్పుడు అదీ లేదు.

2013 ఎండకాలంలో అక్కడ జరిగింది నాకు సాయిలత చెప్పింది. బీడీ సంఘం పని మీద కామారెడ్డి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చిపోయే పిల్ల. తర్వాత గంగామణి కూడా చెప్పింది. ఇద్దరూ ఒకటే చెప్పారు.

ముందు బావి సంగతి.

పై నుంచి రాతి మెట్లు దిగుతాయి. సగం దిగితే స్తంభాల వసారా, దాని కింద నీళ్లు. పైన నేల పెనంలా కాలుతున్నప్పుడు కూడా ఆ వసారాలో చల్లగా ఉంటుంది. మోతెకుంట ఆడవాళ్లు పగలంతా అక్కడ కూర్చునే బీడీలు చేస్తారు. తునికాకు ఆరితే పెళుసుబారి పగులుతుంది. పగిలిన ఆకుతో చుట్టిన బీడీని కార్ఖానాలో తీసి అవతల పడేస్తారు. ఇండ్లలో తడి గోనెపట్టలో చుట్టి పెట్టినా ఆకు నిలవదు. రేకుల ఇండ్లు, లేని కరెంటు, తిరగని ఫ్యాన్లు. బావి వసారాలో పెడితే మాత్రం పొద్దంతా మెత్తగా ఉంటుంది. ఆ ఊళ్లో సగం పొయ్యిలు వెలిగేది ఆ మెత్తదనం మీదే.

పగలు బీడీలవాళ్లు, రాత్రి దెయ్యం. ఆ ఏర్పాటు చాలా ఏళ్లు చక్కగా నడిచింది.

అప్పుడు స్వామిదాసు వచ్చాడు. చుట్టూ ఉన్న మక్క చేన్లు కొని, సున్నం గీతలు గీసి, ప్లాట్లు పెట్టాడు. తెలంగాణ రేపో మాపో వస్తుందని భూమి మీద అందరికీ ఆశ పుట్టిన రోజులవి. ప్లాట్ల నడుమ బొంద ఉంటే కొనేవాడెవడు? అందులో దెయ్యం కూడా ఉంటే ఇక చెప్పేదేముంది? పూడ్చేస్తానన్నాడు.

గంగామణి వద్దంది. నలభై దాటిన మనిషి, భర్త మస్కట్‌లో, ఇంట్లో ఆమె, ఆమె అత్త ఎంకవ్వ. బీడీలు చేసేవాళ్లందరికీ పెద్ద దిక్కు. బావి పోతే మేమెక్కడ కూసోవాలె అని అడిగితే, ప్లాట్లమ్మినంక నీడకు రేకుల షెడ్డేయిస్త అన్నాడట స్వామిదాసు. రేకుల కింద ఆకు ఎంతసేపు ఉంటుందో అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు.

దాన్ని ఆపడానికి ఒక్కటే తోవ ఉందని సంఘంలో ఎవరో చెప్పారు. పాత కట్టడమని సర్కారు గుర్తించాలి. గుర్తిస్తే దాని చుట్టూ ఎవరూ పార పెట్టకూడదు. సరే అని గంగామణి, ఇంకొందరు ఆడవాళ్లు అడగని ఆఫీసు లేదు, ఎక్కని బస్సు లేదు.

చివరికి పాత కట్టడాల ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. వచ్చి, పై మెట్టు మీదే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇది ఏ రాజు కట్టించాడు అని అడిగాడు.

ఎంకవ్వకు ఎవరన్నా లెక్కలేదు. రాజు యాడ తవ్విండు సారూ, తవ్వినోళ్లు వడ్డెరోళ్లు, రాజొచ్చి నీళ్లు తాగిపోయిండు అంది.

సారు నవ్వలేదు. ఏ రాజుదో తేలకపోతే కష్టమన్నాడు. జాతీయ ప్రాముఖ్యం ఉండాలన్నాడు. జాతీయమంటే ఏందని ఎంకవ్వ అడిగితే, దేశమంతటికీ అవసరం అనిపించాలని చెప్పాడు. దేశమంతా వస్తే నీళ్లు సాలవు నాయినా, మా వాడకే సాల్తలేవు అంది ముసలామె. ఆడవాళ్లంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సారు ఫొటోలు తీసుకుని పోయాడు. వసారా దాకా దిగలేదు. స్తంభాల మీద చెక్కిన హంసల వరసను ఆయన ఈ జన్మలో చూడలేదు.

అయినా ఆ ఫొటోలు చూసి పైన ఎవరికో బుద్ధి పుట్టినట్టుంది. కొన్నాళ్లకు ఒక కాగితం వచ్చింది. బావి స్తంభానికే అంటించి పోయారు. ఈ కట్టడాన్ని రక్షించాలని సర్కారు అనుకుంటోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే రెండు నెలల్లో చెప్పుకోవచ్చు — ఇదీ దాని సారం.

అనుకుంటోందట. దొంగ ఊళ్లోనే తిరుగుతుంటే, రెండు నెలల తర్వాత తలుపుకు గొళ్లెం పెడదామనుకుంటున్నామని చాటింపు వేస్తారా ఎవరైనా? వీళ్లు వేశారు. స్వామిదాసు ఆ కాగితం చదివాడు. అతనికి అభ్యంతరం చెప్పుకునే ఓపిక లేదు. ఆ రాత్రి నుంచే ట్రాక్టర్లు పెట్టాడు.

తెల్లారి వచ్చి చూస్తే ఒక పక్క మెట్లు కనబడలేదు. మన్ను.

గంగామణి ఠాణాకు పోయింది. బావి ఇంకా సర్కారుది కాలేదు, పట్టాభూమిలో మన్ను పోసుకుంటే మేమేం చేస్తాం అన్నారు. ఆఫీసుకు ఫోన్ చేసింది. కనీసం ఒక కావలి మనిషినన్నా పంపమంది. రక్షిత కట్టడమని ప్రకటించిన తర్వాతే కావలి మనిషి, ప్రకటించక ముందు కావలి పెట్టే పద్ధతి లేదన్నారు. అప్పటికి బావి మిగలదు గదా అంటే... ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాతే దెయ్యం లేచింది.

గాంధారి నుంచి వచ్చిన ఒక డ్రైవరు మన్ను దించకుండానే పారిపోయాడు. వసారాలో దీపం కనబడిందట. కిర్రుకిర్రుమని చప్పుడట. తెల్లగా, తల లేని ఆకారం ఒకటి స్తంభం పక్క నుంచి లేచిందట. ఇంకొకడు ట్రాక్టరు అక్కడే వదిలి లింగంపేట దాకా ఉరికాడు. కల్లు కాంపౌండుల నిండా అదే ముచ్చట. పేరు పెట్టి పిలుస్తదిరా, పలికినవనుకో, అయిపోయినవ్... రెండు నెలల గడువులో చాలా భాగం అలా గడిచింది. ఎంత కూలి ఇస్తానన్నా స్వామిదాసుకు డ్రైవరు దొరకలేదు.

సాయిలత మొగుడు హన్మండ్లు సరిగ్గా అప్పుడే దుబాయి నుంచి తిరిగొచ్చాడు. కంపెనీ మూసేస్తే చేతులూపుకుంటూ వచ్చాడు. ఊళ్లో పని లేదు. స్వామిదాసు పిలిచి ట్రాక్టరు తాళంచెవి చేతిలో పెట్టాడు.

హన్మండ్లు నసిగాడట. బావి మంచిది కాదంటున్నరు అన్నా, అన్నాడట.

"ఎడారిల ఒక్కనివి పండుకున్నవ్ గదరా దుబాయిల," అన్నాడు స్వామిదాసు. "గీ బొందను సూసి లాగు తడుపుకుంటవా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. హన్మండ్లు తాళంచెవి తీసుకున్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. సాయిలత గంగామణితో కలిసి తిరుగుతోందని అతనికి తెలుసు. కామారెడ్డికి మక్కల లోడు తోలుతున్న అని అబద్ధం చెప్పాడు.

సాయిలత కూడా అతనికి ఒక సంగతి చెప్పలేదు. అది తర్వాత చెబుతాను.

ఆ రాత్రి వెన్నెల లేదు. కరెంటు ఎప్పటిలాగే లేదు.

హన్మండ్లు చెరువులో మన్ను నింపుకుని, ఊరి బయటి బాట పట్టి బావి దగ్గరికి వచ్చాడు. ముందు పోసినవాళ్లు మెట్ల వైపు పోశారు. అటు కుప్ప పేరుకుపోయి ట్రాలీ పోదు. అందుకని వసారా వైపు తిప్పాడు. వెనక్కి తోలుతూ, అంచు దగ్గర ఆపి, ఇంజను బందు పెట్టి దిగాడు, చక్రం ఎక్కడుందో చూసుకుందామని.

ఇంజను ఆగగానే అంతా నిశ్శబ్దం. కీచురాళ్లు కూడా లేవు.

కిర్రు...

అతను కదలలేదు.

కిర్రు... కిర్రు...

కింద నుంచి. రాయి మీద ఇనుము గీస్తున్నట్టు. నెమ్మదిగా, తొందరేం లేదన్నట్టు.

తొంగి చూడకూడదనుకుంటూనే తొంగి చూశాడు. వసారా గూట్లో మిణుకుమని వెలుగు. వెంటనే ఆరిపోయింది. మళ్లీ వెలిగింది... మళ్లీ ఆరింది.

సీటెక్కి కూర్చున్నాడు. పోదామా అనుకున్నాడు. పోతే రేపు కల్లు కాంపౌండులో స్వామిదాసు మనుషులు ఏమంటారో కూడా చెవుల్లో వినబడింది. తాళంచెవి మీద చెయ్యి పెట్టాడు.

"హన్మండ్లూ..."

ఆడగొంతు. పెద్దగా కాదు. కుండలో తల పెట్టి పిలిచినట్టు, నీళ్ల మీదుగా వచ్చినట్టు.

అతను పలకలేదు.

"హన్మండ్లూ... ఆగు..."

నిన్నమొన్ననే కల్లు కాంపౌండులో చెప్పారు. పలకొద్దు. వెనక్కి చూడొద్దు. పళ్లు బిగబట్టి ఇంజను స్టార్టు చేశాడు. ట్రాలీ లేపాడు. మన్నంతా ఒక్కసారిగా జారింది. బరువుకు బావి అంచు కూడా విరిగినట్టుంది, మన్ను వెంట పెద్ద పెద్ద రాళ్లు దొర్లిన చప్పుడు. ఆ తర్వాత దుమ్ము.

ఆ దుమ్ములోంచి... దగ్గు.

ఒక్కసారే. పొడి దగ్గు. పొగాకు దగ్గు.

హన్మండ్లు వెనక్కి చూడలేదు. ట్రాలీ కూడా దించకుండా, అట్లా లేచి ఉన్నదాన్నే లాక్కుంటూ ఊళ్లోకి వచ్చి ఇంటి ముందు ఆగాడు. దిగలేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు.

చప్పుడుకు సాయిలత తలుపు తీసుకుని వచ్చింది. మొదట తాగొచ్చాడనుకుంది. దగ్గరికి పోయి మొహం చూసింది. తాగలేదు.

"ఏమైంది?"

"పిలిచింది," అన్నాడు.

"ఎవలు?"

"బావి. పేరు వెట్టి పిలిచింది. నేను పలుకలే."

సాయిలతకు ట్రాక్టరు ఎవరిదో అప్పుడు కనబడింది. లేచి ఉన్న ట్రాలీ కనబడింది. నువ్వు బావి కాడికి ఎందుకు పోయినవ్ అని అడగబోయి, అడగలేదు.

"మన్ను ఏ పక్క వోసినవ్?"

"వసారా పక్క."

"అండ్ల గంగామణక్క ఉంది."

ఇదీ సాయిలత మొగుడికి చెప్పని సంగతి. దెయ్యం గంగామణే. కొన్ని రాత్రులు గంగామణి, కొన్ని రాత్రులు సాయిలత, కొన్ని రాత్రులు ఇంకొకరు. ఆకు చుట్టే తడి గోనెపట్ట తల మీదుగా కప్పుకుని, గూట్లో దీపం పెట్టి, ఆకు కత్తిరించే కత్తెరను స్తంభానికి గీయడం — అదే దెయ్యం పని. సర్కారు పంపని కావలి మనిషి వీళ్లే. మొగవాళ్లకు చెబితే కల్లు కాంపౌండులో ఎవడో ఒకడు స్వామిదాసు చెవిన వేస్తాడని, ఎవరూ ఇంట్లో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. పాతకాలపు బాలింత కథకు పేరు పెట్టి పిలవడం కలిపింది కూడా గంగామణే. అంతకు ముందు ఆ బావి ఎవరినీ పిలిచినట్టు ఎవరూ అనలేదు. పిలుస్తుందంటే ఎక్కువ భయపడతారని ఆమె తీసిన ఉపాయం అది.

ఆ ఉపాయమే ఆమె మీద మన్ను పోయించింది.

సాయిలత ఉరికింది. ఉరుకుతూ ఇంటింటి తలుపూ కొట్టింది. హన్మండ్లు ట్రాక్టరు తిప్పాడు. అందరికంటే ముందు బావి చేరి, లైట్లు వసారా మీద పడేలా నిలబెట్టి, మెట్లు లేని వైపు నుంచే దూకాడు. ఇంతకు ముందు దిగితే మళ్లీ ఎక్కలేమనుకున్న బావిలోకి.

ఊరంతా వచ్చింది. పారలు కొందరికే దొరికాయి. ఆడవాళ్లు బీడీలు చేసుకునే చాటలతో మన్ను ఎత్తారు. చాటలు చాలనివాళ్లు చేతులతో. ఎంకవ్వ పై మెట్టు మీద కూర్చుని, ఏడవకుండా, కోడలిని తిడుతూనే ఉందట. రాళ్లు తప్పిస్తుంటే మళ్లీ మన్ను జారుతుంది. జారిన మన్ను మళ్లీ ఎత్తుతారు.

రెండు స్తంభాల నడుమ దొరికింది గంగామణి. పడ్డ రాళ్లలో ఒక పెద్ద బండ స్తంభానికి అడ్డంగా ఆగి, ఆమె తల మీద చూరులా నిలిచింది. అదే బతికించింది. ఛాతీ దాకా మన్ను. నోటి నిండా మన్ను. ఒక కాలు నలిగింది. హన్మండ్లు వేలు పెట్టి నోట్లోని మన్ను తీస్తుంటే ఆమె అతని వేలు కొరికిందట. బతికున్నట్టు అదే గుర్తు.

ఆమెను ఎల్లారెడ్డి ఆస్పత్రికి పంపించారు. ఊరివాళ్లు మాత్రం పోలేదు. పారలు పట్టిన చేతులు ఆగలేదు. ఎవరూ ఆగమనలేదు, తవ్వమనీ అనలేదు. తెల్లారేసరికి ఆ రాత్రి పోసిన మన్ను, అంతకు ముందు పోసిన మన్ను, ఎవరి తాతల కాలం నుంచో పేరుకున్న పూడిక — అంతా పైకి వచ్చింది. ఎప్పుడూ చూడని మెట్లు బయటపడ్డాయి. పొద్దు పొడిచి వెలుగు పడితే, అడుగు మెట్ల మీద చెక్కిన చేపలు.

నాలాంటి మనిషికి ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది.

కాలేదు. గుప్తనిధుల కోసం ఊరివాళ్లు పాత కట్టడాన్ని తవ్వుతున్నారని ఫిర్యాదు వెళ్లింది. ఎవరు చేశారో వేరే చెప్పాలా? ఎన్నిసార్లు పిలిచినా రాని ఆఫీసు ఆ ఒక్క ఫోనుకు పొద్దుగూకకముందే వచ్చింది, జీపులో. రుమాలు సారు కూడా వచ్చాడు. గుడుల్లో, కోటల్లో నిజంగానే అర్ధరాత్రి తవ్వి పోయే ముఠాలను పట్టుకోవడానికి ఒక చట్టం ఉంది. దాన్ని తెచ్చి బీడీలు చేసే ఆడవాళ్ల మీద పెట్టారు. మొదటి పేరు గంగామణిది. కాలికి ఇంకా పిండికట్టు కూడా పడలేదు.

మరి మన్ను పోసినదానికి? దానికి కేసు లేదట. బావి అప్పటికి ఇంకా రక్షిత కట్టడం కాలేదు కాబట్టి పోయడం తప్పు కాదు. పోసింది తీయడం తప్పు. ఈ మాట ఆ జీపులో వచ్చిన ఒక చదువుకున్న మనిషి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, మామూలు గొంతుతో చెప్పాడు. సాయిలత నాకు ఇది చెబుతున్నప్పుడు నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

ఆ కేసు ఇప్పటికీ ఉంది. రాష్ట్రం వచ్చింది, బావికి బోర్డు రాలేదు. గడువు తప్పిందని, మళ్లీ మొదటి నుంచి రావాలని అంటున్నారు.

కేసు పెట్టిన కొత్తలో, విచారణకని వాళ్లు ఒక సాయంత్రం మళ్లీ వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన ఎస్సై కొంచెం మంచివాడు. గంగామణిని మంచం మీద మోసుకొచ్చి బావి గట్టున పెట్టారు. ఊరివాళ్లు చుట్టూ నిలబడ్డారు. రుమాలు సారు మొదటిసారి నాలుగు మెట్లు దిగి, ఒక రాతి మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. ఆయన డ్రైవరు పైన జీపు దగ్గర సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

హన్మండ్లు ఏదీ దాచలేదు. మన్ను పోసింది నేనే అన్నాడు. పిలుపు విన్నానన్నాడు, దెయ్యమనుకున్నానన్నాడు, తర్వాత తెలిసి వచ్చి తవ్వానన్నాడు.

ఎస్సై పెన్ను ఆపి, గంగామణి వైపు వంగాడు. గొంతు తగ్గించాడు.

"సూడమ్మా, ఇది తేలిక. నువ్వు కాపాడమని పిలిచినవ్, ఆయన ఇన్నడు, ఊరోళ్లొచ్చి తీసిన్రు. అట్ల రాస్త. నిధి లేదు, కేసు లేదు. పిలిచిన అను."

సాయిలత కళ్లతోనే బతిమాలిందట. అనక్కా... ఒక్క మాట.

గంగామణి ఆమె వైపు చూడలేదు. అబద్ధమాడడం చేతగాని మనిషి కాదు. ఊరంతటినీ నమ్మించిన మనిషి. కానీ ఆమె హన్మండ్లు మొహం చూస్తోంది. అతను నిజంగానే పిలుపు విన్నాడని ఆ మొహం చూసే తెలిసి భయమేసిందని తర్వాత నాకు చెప్పింది.

"నేను పిలువలే," అంది.

ఎస్సై ఏదో అనబోయాడు.

"మేం నోరే తెరువం సారూ. గొంతు గుర్తువడ్తరని. ఆ రాత్రి దీపం అంటుకుంటలేదు, అగ్గిపెట్టె తడిసింది. పుల్ల గీస్తున్న, కత్తెర గీస్తున్న, గంతే." ఆగి, ఊపిరి తీసుకుంది. "పైన ట్రాక్టరు నడిపేటోడు ఎవడో నాకెట్ల ఎరుక? చీకట్ల, కిందికెల్లి ఏం కానొస్తది? వానిది దుబాయి నౌకరి పోయిందని తెలుసు గని, వాడే వచ్చిండని తెల్వదు. పేరు వెట్టి నేనెట్ల పిలుస్త?"

హన్మండ్లు నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

పొద్దు మక్క చేన్ల వెనక్కి పోయింది. బావి అడుగున కొత్తగా ఊరిన నీళ్లు నల్లగా ఉన్నాయి.

"మరి..." అన్నాడు ఎస్సై. "ఎవరు పిలిచిన్రని రాయాలె?"

"నన్నడుగుతరేంది?" గంగామణి మంచం మీద మోచేతి మీద లేచింది. గొంతులో ఇప్పుడు భయం లేదు, కోపం ఉంది. "కావలి మనిషిని పంపుండ్రంటే పంపకపోతిరి. ఇయ్యాల రాత్రి మీరే ఉండుండ్రి. ఈ మెట్ల మీదనే కూసోండ్రి. మీ చెవులతోని ఇని, మీ చేతితోనే రాసుకోండ్రి."

ఎస్సై పెన్నుకు మూత పెట్టాడు. బావి గట్టు నుంచి మొదట కదిలింది ఆయనే.

రుమాలు సారు లేచాడు. రాతి మీద పరిచిన రుమాలు తీసుకోలేదు. జీపు తెమ్మని చెప్పడానికి డ్రైవరు వైపు చెయ్యి ఎత్తి, పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచాడు...

మూసుకున్నాడు. ఒకసారి కిందికి, నీళ్ల వైపు చూశాడు.

తర్వాత రెండు చేతులూ ఎత్తి, డ్రైవరు తల తిప్పేదాకా చప్పట్లు కొట్టాడు.